ఎనిమిదింటికి ఆగిపోయే బొమ్మ

సాయంత్రం ఏడున్నర దాటితే చాలు, మా ఇంట్లో తిట్లు మొదలవుతాయి. తిట్టేది నేను. పడేది కిటికీ పక్కన గోడకు తగిలించిన తెల్ల డబ్బా. దాంట్లో ఒక సిమ్ కార్డు ఉంటుంది. తీగ లేకుండా టవర్ నుంచి ఇంటర్నెట్ లాగి ఇల్లంతా పంచుతుందని కంపెనీ వాళ్లు చెప్పారు. పగలు నిజంగానే పంచుతుంది. కానీ పగలు మా ఇంట్లో ఇంటర్నెట్‌తో ఎవరికి పని? నాకు కావలసింది ఎనిమిది గంటలకు. సరిగ్గా ఆ ఎనిమిదింటికే దాని ప్రాణం పోతుంది.

నా పేరు బాబురావు. ఉండేది ఛత్రినాకలో. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు క్రేన్ కింద నిలబడి సైగలు చేసి రిటైరయ్యాను. పైన క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు కింద మోతలో ఒక్క మాటా వినపడదు. నాలుగు టన్నుల ఇనుప దిమ్మను ఎటు తిప్పాలో, ఎక్కడ దించాలో నా చేతులు చూసి తెలుసుకోవాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేవాణ్ణి. "పైనున్నోనికి నీ నోరు వినవడది తమ్మీ. నీ చెయ్యి, నీ మొఖం గంతే కనవడతయి. కింద ఎవనిమీద కోపమొచ్చినా మొఖం మీదికి రానియ్యకు. ఆడు తనమీదనే అనుకుంటడు." ఈ ముక్క ఫ్యాక్టరీలో అందరికీ నోటికొచ్చు. నన్ను వెక్కిరించడానికి కూడా ఇదే చెప్పేవాళ్లు.

మా అమ్మాయి ప్రీతికి పుట్టుకతోనే వినపడదు. నా చేతులకు అప్పటికే సైగలు అలవాటు కాబట్టి నాకేం కష్టం లేదని గొప్పలు పోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు వచ్చినవి క్రేన్ సైగలే. ఎత్తు, దించు, ఆగు, మెల్లగా. అసలు భాషంతా నా భార్య చంద్రమ్మది. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ, ప్రీతి బడిలో ఏ సైగ నేర్చుకుంటే అది సాయంత్రానికల్లా తనూ నేర్చుకుంది. తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

ప్రీతికి ఇప్పుడు ఇరవై నాలుగు. బెంగుళూరులో ఒక బేకరీలో పని. అక్కడ పనిచేసేవాళ్లలో సగం మంది వినపడనివాళ్లే. పొద్దున ఆరింటికి బస్సెక్కితే మళ్లీ హాస్టల్‌కు చేరేది ఏడున్నరకు. ఎనిమిదింటికి వీడియో కాల్. రెండేళ్లుగా ఇదే వరస. ఆ అరగంట కోసం చంద్రమ్మ పొద్దుటి నుంచి మాటలు కూడబెట్టుకుంటుంది.

మాట్లాడే మనిషికి ఫోన్ తెగితే సగం మాటైనా చెవిన పడుతుంది. సైగ తెగితే మిగిలేది గాల్లో ఒక చెయ్యి. ఈ సంగతి కంపెనీ వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నం ప్రీతి నుంచి మెసేజ్ వచ్చింది. "బాపు. పెద్ద మాట ఉంది. శుక్రవారం లోపల జవాబు ఇవ్వాలి. అమ్మ చూడాలి." రాతలో ఆమె మాటలు ఇలాగే పొడిపొడిగా ఉంటాయి. అది ఆమె సొంత భాష కాదు మరి. ఏంటో రాయి, నేను చదివి అమ్మకు చెబుతాను అని రాశాను. "రాసేది కాదు. వీడియో." అంతే.

చంద్రమ్మ ఆరింటికే వంట ముగించి, మొహం కడుక్కుని, లైటు కింద కూర్చుంది. డబ్బాకు దగ్గరగా ఉంటే బాగా వస్తుందని కంపెనీ వాళ్లు చెప్పడంతో ఫోన్‌ను దాని కిందే స్టూలు మీద నిలబెట్టాను. ఎనిమిదింటికి ప్రీతి వచ్చింది. నవ్వింది. చెయ్యి గడ్డం దాకా ఎత్తింది. అక్కడే ఆగిపోయింది. మొహం గళ్లు గళ్లుగా విడిపోయింది. నిమిషం తర్వాత మళ్లీ కదిలింది, రెండు సైగలు గబగబా దొర్లాయి, మళ్లీ బొమ్మ ఆగింది.

నేను డబ్బా మీదికి లేచాను. "చూడు, చూడు, షురూ అయింది! పొద్దంతా ఊకుంటవ్, పిల్ల మొఖం కనవడంగనే సస్తవ్. నిన్ను పీకి నాలాల పారేస్త!"

"ఏందయ్యా గట్ల ఒర్లుతున్నవ్? దానికేమన్న చెవులున్నయా?" అంది చంద్రమ్మ, కళ్లు ఫోన్ మీద నుంచి తిప్పకుండా. "జర ఊకో. ఏదో కొత్త ఊరు అంటుంది. ఎందుకో సమజైతలేదు. పొద్దుగాల చేద్దాం తీ. ఐదింటికి లేసే ఉంటది పిల్ల. అప్పుడు మంచిగ వస్తదేమో."

"పొద్దుగాల ఎందుకు చెయ్యాలె? ఇరవై నాలుగు గంటలు ఇస్తమని చెప్పి పెట్టిండ్రు. నాకు ఎనిమిదింటికే గావాలె. ఎట్ల ఇయ్యరో నేను చూస్త!"

ఫ్యాక్టరీలో పప్పు నీళ్లగా ఉందని పదకొండు రోజులు క్యాంటీన్ ముందు బైఠాయించిన మనిషిని నేను. హక్కు అంటే హక్కే.

మంగళవారం హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. నా కాల్ వాళ్లకు ఎంతో ముఖ్యమని నలభై నిమిషాలు చెప్పారు. చివరికి ఒకమ్మాయి వచ్చి డబ్బా ఆపి మళ్లీ ఆన్ చెయ్యమంది. అమ్మా, ఈ నెలలో అది ఆగినన్నిసార్లు నా మోకాలు కూడా నొప్పి పెట్టలేదు అన్నాను. ఆమె నవ్వలేదు. కంప్లైంట్ నంబర్ ఇచ్చింది. ఆ సాయంత్రం డబ్బాను కిటికీ ఊచలకు కట్టి చూశాను, మేడ మీది పిట్టగోడ మీద పెట్టి చూశాను, బియ్యం డ్రమ్ము మీదికెక్కించి చూశాను. ప్రీతి ఎనిమిదింటికి వచ్చింది, ఎనిమిదీ రెండుకు ఆగింది. మధ్యలో చంద్రమ్మకు దొరికినవి మూడే ముక్కలు. కొత్త ఊరు. పిల్లలు. వదిలి. ఏది వదిలి? ఎవరి పిల్లలు? పనిలోంచి తీసేశారా అని నేను మెసేజ్ పెడితే "కాదు. వీడియోలో చెబుతా" అని వచ్చింది. చంద్రమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను డబ్బాను తిని ఉండేవాణ్ణి, పళ్లు సహకరిస్తే.

బుధవారం పొద్దున పదకొండింటికి టెక్నీషియన్ వచ్చాడు. పేరు విశాల్. ఇది మూడోసారి రావడం. వచ్చిన ప్రతిసారీ పదకొండింటికే వస్తాడు. ఫోన్‌లో ఏదో నొక్కి, స్పీడు చూపించే ముల్లు గిర్రున తిరగ్గానే నాకు చూపిస్తాడు.

"మస్తు నడుస్తుంది అంకుల్. ఫస్ట్ క్లాస్."

అతను గల్లీ మలుపు తిరగకముందే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, ధన్యవాదాలు అని. ఈసారి ఆ మెసేజ్ రానివ్వదలచుకోలేదు. స్టూలు మీద పెట్టిన అతని బండి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను.

"ఎనిమిదిదాక కూసో బిడ్డా. అన్నం పెడతం, చాయ్ పోస్తం. నీ ముల్లు అప్పుడు ఎట్ల తిరుగుతదో చూద్దాం."

"నా డ్యూటీ ఆరింటిదాకనే అంకుల్."

"నా బిడ్డ డ్యూటీ ఏడున్నరదాక. ఏం జేద్దామంటవ్?"

అతను కాసేపు బతిమాలి, కాసేపు నవ్వి, చివరికి నన్ను మేడ మీదికి తీసుకెళ్లాడు. రెండు గల్లీల అవతల బాలకిషన్ సేటు పప్పుల గోదాము మీద టవర్ కనిపిస్తుంది. వేలు పెట్టి చూపించాడు.

"గా టవర్‌కు మూడు మొఖాలుంటయి అంకుల్. మన దిక్కు చూసేది ఒక్కటే. గా ఒక్కదాంట్ల వచ్చేదంత గీ ఆరేడు గల్లీలోల్లు పంచుకోవాలె. తీగ వేరే, గిది వేరే. తీగైతే మీ ఇంటి దాకా ఒక దారి ఉంటది. గిది గాలి. అందరిది ఒకటే. పగటీలి ఎవరు ఉండరు, మీరొక్కరే తాగుతరు. ఎనిమిదింటికి అందరు ఇంటికొస్తరు. సీరియల్లు, క్రికెట్, పిల్లల గేములు. మల్ల గర్దీ అయితె మా కంపెనీల ఫోన్లకు ముందు ఇస్తరు, డబ్బలకు ఎనుక. ప్లాన్ కాయితంల రాసే ఉంటది, సన్నక్షరాలల్ల."

క్యాంటీన్ కళ్ల ముందు మెదిలింది. మా ఫ్యాక్టరీలో మొదట్లో పన్నెండున్నర సైరన్‌కు అన్ని విభాగాల వాళ్లనూ ఒకేసారి వదిలేవారు. అన్నం సరిపడా ఉండేది, వడ్డించే గరిటెలే నాలుగు. చివరివాడికి ప్లేటు అందేసరికి డ్యూటీ సైరన్ మోగేది. తర్వాత యూనియన్ కొట్లాడి మూడు బ్యాచులు పెట్టించింది.

"మరి టవర్‌కు ఇంకో గరిటె పెట్టొచ్చు గద?"

"పైనోళ్లు పెట్టాలె అంకుల్, నేను గాదు." తర్వాత ఫోన్‌లో ఏదో వెతికి నవ్వాడు. "మీ గల్లీలనే పదకొండు డబ్బలున్నయి, ఎరికేనా? ఎవరు చెప్తె తీసుకున్నరు అన్నకాడ పది డబ్బలకు మీ పేరే ఉంది."

తాళం చెవి జేబులోంచి తీసి ఇచ్చేశాను.

నిజమే. నిరుడు స్తంభాల మీది కేబుల్ తీగలన్నీ కరెంటు వాళ్లు కోసేశాక మా గల్లీలో మొదట ఈ డబ్బా పెట్టించింది నేనే. మొదటి నెల ప్రీతి బొమ్మ అద్దంలో చూసినట్టు వచ్చింది. మంచి వస్తువు దొరికితే నలుగురికీ చెప్పకుండా ఉండలేను, అదొక రోగం నాకు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఎదురింటి నాగమణమ్మకు సీరియల్ ఎంత బాగా వస్తుందో మా ఇంటికి పిలిచి చూపించాను. పక్కింటి డానియేలుకైతే డ్రిల్లు పట్టుకెళ్లి నేనే గోడకు బిగించాను. ఒక్కో ఇంటికీ ఒక్కో డబ్బా వస్తుంటే గర్వపడ్డాను. నా కూతురి మొహం మీది గళ్లు ఒక్కొక్కటీ నేనే తెచ్చి పెట్టానని అప్పుడు తెలియలేదు.

తెలిశాకైనా బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. ఆ సాయంత్రం బొమ్మ ఆగితే మళ్లీ డబ్బా మీదికే లేచాను. గురువారం పొద్దున ఒక చార్టు కొని, స్కెచ్ పెన్నుతో మూడు బ్యాచులు రాశాను. ఏడు నుంచి ఎనిమిది, నాలుగు ఇళ్లు. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర, మా ఇల్లు ఒక్కటే. ఆ తర్వాత మిగతావాళ్లు. కింద గీత గీసి సంతకం కూడా పెట్టాను. ఇల్లిల్లూ తిరిగాను.

"నా సీరియలే ఎనిమిదింటికి బాబురావన్నా," అంది నాగమణమ్మ. "మస్తు వస్తది, తీస్కో తీస్కో అని పానం దీసింది నువ్వే గదా? ఇప్పుడు బంద్ జెయ్యమంటున్నవ్?"

"అరగంట నాగమణమ్మా. పిల్ల ఏదో చెప్పాలంటుంది. రేపటికి జవాబు ఇయ్యాల్నట. మూడు దినాల సంది చేతులు ఊపుతనే ఉంది, మాకు సమజైతలేదు."

ఆమె చార్టు వంక చూసింది, నా వంక చూసింది. "ప్రీతి కోసమైతే గీ కాయితం ఎందుకన్నా? నోటితో చెప్తె సాలు. నేను అందరికి చెప్త పో."

ఆమె మాట గల్లీలో నడుస్తుంది. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా పదిళ్లలోనూ డబ్బాలు ఆపేశారు. డానియేలు గడపలోకొచ్చి బొటనవేలు ఎత్తి చూపించాడు. నాగమణమ్మ టీవీ నోరు మూసింది. నా ఛాతీ ఉబ్బింది.

ప్రీతి వచ్చింది. ఒక సైగ. రెండు. మూడు. చంద్రమ్మ ముందుకు వంగింది. నాలుగోదానికి బొమ్మ ఆగిపోయింది.

ఒక్క గల్లీ కడుపు మాడ్చుకుంటే ఏమవుతుంది? మిగతా ఆరు గల్లీలూ కంచాల ముందు కూర్చునే ఉన్నాయి. ఆ పూట పట్టలేకపోయాను. పిడికిలి బిగించి డబ్బా మీదికి ఊపాను. ఏమేమి అన్నానో రాయకూడదు. చర్చికి పోయేవాణ్ణి. గల్లీ మొత్తం నిశ్శబ్దంగా ఉండటంతో నా తిట్లు చివరింటి దాకా వినపడ్డాయట. కాల్ తెగిపోయింది. కాసేపటికి మెసేజ్ వచ్చింది. "పర్వాలేదు బాపు. వదిలెయ్యి."

డబ్బా గురించే అంటోందనుకుని, నేను వదలను అనుకున్నాను.

శుక్రవారం ఎనిమిదింటికి ప్రీతి కాల్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. "అలసట. పడుకుంటా" అని రాసింది. చంద్రమ్మ ఫోన్ తీసుకెళ్లి తలగడ పక్కన పెట్టుకుంది.

శనివారం తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి పక్కన చంద్రమ్మ లేదు. ముందు గదిలో లైటు వెలుగుతోంది. అక్షరాలు రాకపోయినా ఫోన్‌లో ప్రీతి ఫొటో ఎక్కడుందో, దాని పక్కన ఏది నొక్కాలో ఆమెకు తెలుసు. నన్ను అడగలేదు. స్టూలు ముందు కూర్చుని చేతులతో మాట్లాడుతోంది. అవతల ప్రీతి. ఒక్క గడి లేదు, ఒక్క మరక లేదు. చెంప మీద జారిన వెంట్రుక కనిపిస్తోంది. మణికట్టు మీద ఓవెన్ తగిలి కాలిన మచ్చ కనిపిస్తోంది. ఆ మచ్చ ఎప్పటిదో కూడా నాకు తెలియదు.

నేను చంద్రమ్మ వెనక్కి వచ్చి నిలబడ్డాను. నన్ను చూడగానే ప్రీతి చేతులు ఒళ్లోకి దిగిపోయాయి.

"ఏమైంది?" అన్నాను.

చంద్రమ్మ నా వైపు తిరగలేదు. "బేకరోల్లు మైసూర్ల కొత్త దుకాణం పెడుతున్నరట. చెవులు వినవడని పిల్లలకు పని నేర్పనీకి మన ప్రీతిని పొమ్మన్నరట. టీచర్ లెక్క. శుక్రారం లోపల చెప్పుమన్నరట."

"మంచిదే గద! పొమ్మను! ఏం చెప్పింది వాళ్లకు?"

"రాను అని చెప్పింది. నిన్న. ఇంకో పిల్లను పంపుతున్నరట."

"ఎందుకు?"

చంద్రమ్మ అదే అడిగింది ప్రీతిని. ప్రీతి నన్ను చూస్తూ మీసం మెలేసినట్టు వేళ్లు తిప్పింది. అది నా సైగ, బాపు. తర్వాత వేళ్లు పంజాలా వంచి మొహం ముందు పట్టుకుంది. కోపం. దానికి చంద్రమ్మ తర్జుమా అక్కర్లేదు. అక్కడితో ఆగకుండా ప్రీతి తన ఫోన్‌లో ఏదో వెతికి నాకు పంపింది. నాలుగు ఫొటోలు. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. కాల్ ఆగిపోయినప్పుడు ఆమె తెర మీద మిగిలిన బొమ్మలు.

నాలుగింట్లోనూ నేనే. నోరు తెరుచుకుని, కళ్లు ఉరిమి, మెడ నరాలు పొంగి. గురువారం నాటి దాంట్లో పిడికిలి కూడా ఉంది. ఫోన్‌ను రోజూ డబ్బా కిందే పెట్టాను కదా, డబ్బాను తిడుతుంటే ఆమెకు సూటిగా తన మొహంలోకి చూస్తున్నట్టే ఉంది. అక్కడ మాట వినపడదు. ఎవరిని తిడుతున్నానో తెలియదు. వచ్చిన ముక్కల్లో తను మైసూరు అని చెయ్యి ఎత్తడం, ఇటు నా మొహం ఇలా కావడం, ఆ మొహం అలాగే ఆగిపోవడం. ఒకరోజు నాలుగు నిమిషాలు ఉందట ఆ బొమ్మ. ఆమె ఫోన్ పక్కన పెట్టకుండా చూస్తూ కూర్చుందట, మారుతుందేమోనని.

ముప్పై రెండేళ్లు వందమందికి నేర్పిన పాఠం. నా పిల్ల దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్క గుర్తు లేకపోయింది నాకు. నా పిల్ల మైసూరు నేను మింగేశాను. టవర్ కాదు, కంపెనీ కాదు, నేను. స్టూలు ముందు కింద కూర్చున్నాను.

డబ్బాకు సైగ ఏంటో నాకు రాదు. గాల్లో చతురస్రం గీశాను. గోడ మీదికి చెయ్యి చూపించాను. పంజా మొహం ముందు పెట్టి, ఆ పంజాను డబ్బా మీదికి విసిరాను. నీ మీద కాదు అని చెయ్యి అడ్డంగా ఊపాను, ఎన్నిసార్లు ఊపానో. ప్రీతి నన్ను చూసి, చంద్రమ్మను చూసి, మళ్లీ గాల్లో చతురస్రం గీసి అడిగింది. దాని మీదా? నాలుగు రోజులూ?

తల ఊపాను. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. చేతులు తీసేసరికి రెండూ ఉన్నాయి.

ఇంకో అవకాశం వస్తుందా అని చంద్రమ్మ అడిగింది. ఏమో, వచ్చే ఏడాది ఇంకో ఊళ్లో పెడతారేమో అంది ప్రీతి. బస్సుకు టైమవుతోందని సంచి భుజానికి వేసుకుంది. అప్పుడు నేను కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పాను. క్రేన్ కింద అదే మొదటి సైగ. ఎత్తు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకోమని అడగడానికి ప్రీతి అదే సైగ చేసేది. ఆమె వేలు పైకెత్తి తిప్పి చూపించి కాల్ ఆపేసింది.

ఆ రోజు నుంచి అసలు మాటలన్నీ ఐదింటికే. కానీ ఎనిమిదింటి కాల్ మానలేదు, మానొద్దని నేనే అన్నాను. ఆ సాయంత్రం కూడా డబ్బా కింద స్టూలు మీద ఫోన్ నిలబెట్టి ముందు నేను కూర్చున్నాను. ప్రీతి వచ్చింది, చెయ్యి ఊపింది, ఎనిమిదీ రెండుకు గళ్లు గళ్లుగా ఆగిపోయింది. లోపల మంట లేవకపోలేదు గానీ, మొహం మీదికి రానివ్వలేదు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి.

"ఏందయ్యా, ఒక్కనివే పండ్లిగిలిచ్చుకుంట కూసున్నవ్?" అంది చంద్రమ్మ వంటింట్లోంచి వస్తూ. "బొమ్మ ఆగింది గద."

"ఆగింది గనకనే," అన్నాను, పెదవులు కదలనివ్వకుండా.